చుట్టుచూపు: మధుర మండపములును ఛాయాచిత్రకారుని ముక్కాలియును

మధురలో మీనాక్షీ దేవాలయపు తూర్పు గోపురమున కెదురుగా నున్న పుదుమండపమును చూడని తెలుగు కుటుంబము మనలో నుండునని మేము తలంపము. తిరుమల నాయకుడు (1623–1659) వసంతోత్సవమునకై కట్టించిన ఆ మండపము సుమారు 333 అడుగుల పొడవును, 105 అడుగుల వెడల్పును గలది. అందు నాలుగు వరుసల స్తంభము లున్నవి. నడిమి స్తంభములకు విశ్వనాథ నాయకుడు మొదలు తిరుమల నాయకుని వరకు పదిమంది ప్రభువుల విగ్రహములు నిలువెత్తున చెక్కబడియున్నవి. ఆ మండపమధ్యమున నిలిచి మెల్లగా మెడ త్రిప్పి చూచునపుడు కంటికి కనబడునది ఒక ఎత్తు. ఇంటికి వచ్చిన పిదప చేతనున్న ఛాయాచిత్రమున కనబడునది మరియొక ఎత్తు. చిత్రమున రెండు స్తంభములు, ఒక యాళి ముఖము, నడుమ ఎవరిదో భుజము! మండపము మాత్రము చిత్రములో లేదు.

ఈ కొరతను తీర్చుటకై పుట్టినదే పాశ్చాత్యులు పనోరమా అని పిలుచు దృశ్యవిధానము. సమస్తమును చూచుట అని ఆ గ్రీకు పదమునకు అర్థము. మేము ఈ వ్యాసమున దానిని చుట్టుచూపు అని వ్యవహరించుచున్నాము. చదువరులు దీనిని చుట్టపుచూపు అని చదువుకొనకుందురుగాక. ఆ మాటతోను మాకు ముందు పని యున్నది.

చుట్టుచూపు మొదట ఛాయాచిత్రకారులది కాదు, చిత్రలేఖకులది. ఎడింబరోలో నున్న రాబర్ట్ బార్కర్ అను చిత్రకారుడు 1787లో దీనికి పేటెంటు పొందెను. గుండ్రని శాల కట్టి, దాని లోపలి గోడ పొడవునను ఒకే చిత్రమును వ్రాసి, ప్రేక్షకుని నడుమ నిలుపుట అతని పద్ధతి. మన దక్షిణదేశము కూడ ఈ వినోదమున త్వరలోనే ప్రవేశించినది. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయి టిప్పు సుల్తాను మరణించెను. ఆ యేడే కోయంబత్తూరు సీమ మైసూరు ఏలుబడినుండి కుంపిణీ చేతికి వచ్చినది. మరుసటి యేడు, అనగా 1800లో, రాబర్ట్ కెర్ పోర్టరు ఆ కోట ముట్టడిని పెద్ద చుట్టుచిత్రముగా వ్రాసి లండనులో ప్రదర్శించెను. ఈ సీమలోని మన పూర్వులు ఏలిక మారినదన్న వార్తను ఇంకను అరుగులమీద చర్చించుకొనుచున్న దినములలోనే, అచట జనులు డబ్బిచ్చి ఆ యుద్ధమును చూచి వచ్చుచుండిరి. అంతకు ముందే 1792లో థామస్ డేనియల్, విలియం డేనియల్ అను పినతండ్రీకొడుకులు మధురకు వచ్చి తిరుమల నాయకుని మహలును, పుదుమండపమును చిత్రించుకొని పోయిరి. వారి చిత్రములు మిక్కిలి సొగసైనవి. అయినను సొగసు వేరు, సాక్ష్యము వేరు. చిత్రకారుని చేయి ఒక చెట్టును ప్రక్కకు జరుపగలదు, విరిగిన కమానును నిలబెట్టగలదు.

సాక్ష్యము కావలసినవారికి 1858లో మధురకు వచ్చిన వేరొకని పేరు ముఖ్యము. ఆయన లినేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి. 1822లో ఇంగ్లండున జన్మించి, యౌవనారంభముననే మద్రాసు సైన్యమున చేరెను. సెలవుపై స్వదేశమునకు పోయినప్పుడు ఛాయాచిత్రణము నేర్చుకొని, 1854లో హళేబీడు, బేలూరు దేవాలయములను చిత్రించెను. 1855లో రాయబార వర్గముతో బర్మాకు వెళ్ళి అచటి పగోడాలను చిత్రించెను. 1856లో మద్రాసు ప్రభుత్వము ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. 1857 డిసెంబరులో బెంగుళూరునుండి బయలుదేరి, 1858 తొలి మాసములలో శ్రీరంగము, తిరుచిరాపల్లి, మధుర, పుదుక్కోట, తంజావూరు మొదలగు చోట్ల ఆయన పని చేసెను. ఆనాటి ఛాయాచిత్రకారుని సామగ్రి నేటివలె సంచిలో ఇముడునది కాదు. పెద్ద చెక్క కెమెరా, దానిని మోయు ముక్కాలి, రసాయనద్రవ్యముల సీసాలు, మైనము పూసిన కాగితములు, చీకటి గుడారము, ఇవన్నియు బండ్లకెక్కవలసినవే.

మైనపు కాగితమన్న చోట ఒక మాట చెప్పవలసియున్నది. ఆ కాలమున గాజుపలక పద్ధతి ప్రచారములో నుండినను, తడి గాజుపలక మన యెండకు నిమిషములలో ఆరిపోయెడిది. మైనము పట్టించిన కాగితమును ముందుగా సిద్ధపరచుకొని కొన్ని దినములవరకు నిలువచేయవచ్చును. అందుచే ఎండదేశమున పయనించువానికి కాగితమే అనుకూలము. దాని లోపమేమనగా, వెలుతురును అది మెల్లగా గ్రహించును. మండపముల లోపలి చీకటిలో మూతతీసిన కటకము చాలసేపు తెరచి యుంచవలసివచ్చును. అంతసేపు నిశ్చలముగా నిలుచునవి రాళ్ళు మాత్రమే. ట్రైపు చిత్రములలో మధుర నగరము జనశూన్యముగా తోచుటకు ఇది ప్రధానకారణము. సందడిగల అంగడివీధియు ఎవరును లేనట్లే కనబడును. నడచిపోయినవారు కాగితమున కెక్కలేదు.

ఆయన మధుర చిత్రములు నాలుగు భాగములుగా వెలువడినవి. పుదుమండపపు ప్రక్కవసారా, తిరుమల నాయకుని మహలు, తెప్పకొలను, రాయగోపురము, దేవాలయపు ఆభరణములు, ఇవన్నియు వాటిలో కలవు. మనకు మహలు చిత్రములు మరింత విలువైనవి. ఆ మహలు ఇటుకతోను, నునుపైన సున్నపు పూతతోను కట్టినది. తిరుమల నాయకుని మనుమడు చొక్కనాథ నాయకుడు అందు కొంతభాగమును విప్పించి తిరుచిరాపల్లికి తరలించెను. మిగిలినది శిథిలమగుచుండ, 1866 మొదలు 1872 వరకు మద్రాసు గవర్నరుగా నున్న నేపియర్ ప్రభువు మరమ్మతులు చేయించెను. ఆ పనిలో చిషోలం అను శిల్పనిపుణునికి పాత్ర గలదు. నేడు మనము చూచి మురియుచున్న మహలులో నాయకుల నాటి దేది, నేపియర్ నాటి దేది అను ప్రశ్నకు, మరమ్మతుకు ముందటి స్థితిని చూపు 1858 చిత్రములు ముఖ్యసాక్ష్యములు. కూలిన గోడయు, పగిలిన కమానును, గచ్చుపై మొలచిన గడ్డియు ఆ చిత్రముల పుణ్యమున మనకు మిగిలినవి.

మధుర తరువాత తంజావూరులో ఆయన చేసిన పని మన విషయమునకు మిక్కిలి దగ్గరిది. బృహదీశ్వరాలయ విమానమునకు అడుగున, రాజరాజ చోళుని నాటి శాసనములు రాతిపట్టెలపై బారులు తీరి యున్నవి. అవి తమిళ శాసనములు. తంజావూరిలో మన నాయకులు రాజ్యమునకు వచ్చుటకు ఐదువందల ఏండ్లకు పైగా పూర్వపువి. వాటిని ఒక్క చిత్రమున ఇముడ్చుట ఎవరి తరము? ట్రైపు 21 చిత్రములను వరుసగా తీసి, ఒకదాని అంచు నొకటి కలిపి, సుమారు 19 అడుగుల పొడవు గల చిత్రపటమును సిద్ధపరచెను. లెక్కవేసినచో ఒక్కొక్క చిత్రమునకు పదునొకండు అంగుళములు తగులును. ఆ పటము నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో నున్నది. కంప్యూటరు యంత్రము లేని దినములలో, కాగితమును కత్తిరించి, జిగురుతో అంటించి చేసిన చుట్టుచూపు అది.

ఇందు గమనింపదగిన సూక్ష్మ మొకటి గలదు. ట్రైపు ఆ పటమును ఒకచోట నిలిచి కెమెరాను త్రిప్పుచు తీసినది కాదు. గోడవెంబడి చోటునుండి చోటునకు ముక్కాలిని జరుపుచు తీసినది. గోడకును కెమెరాకును నడుమ దూరము మారకూడదు, కెమెరా ఎత్తు మారకూడదు, దాని ముఖము గోడకు సూటిగా నుండవలెను. వీటిలో ఏది తప్పినను ఒక చిత్రములోని శాసనపంక్తి ప్రక్క చిత్రములోని పంక్తితో కలియదు. నేడు అట్టి పని చేయదలచినవారు నేలపై గోడకు సమదూరమున ఒక త్రాడు కట్టుకొని, ఆ త్రాటివెంబడి ముక్కాలిని జరుపుకొనుట మేలు. బల్లపరుపు గోడకు, శాసనమునకు, వీధిలోని యిండ్ల వరుసకు ఈ పద్ధతియే తగినది.

ఒకచోట నిలిచి చుట్టును చూచుటకు మాత్రము వేరొక పద్ధతి కావలెను. పుదుమండపమునందు ఈ రెంటితోను పని యున్నది. ప్రభువుల విగ్రహముల వరుసను తీయుటకు త్రాటివెంబడి నడువవలెను. మండపపు విశాలతను, స్తంభముల బారును చూపుటకు నడుమ నిలిచి కెమెరాను త్రిప్పవలెను. ఈ త్రిప్పుట యనునదే పైకి సులువుగా తోచి లోపల చిక్కు దాచుకొన్న పని.

చదువరులు బొటనవ్రేలిని ముఖమున కెదురుగా చాచి, ఒక కన్ను మూసి చూచి, పిదప ఆ కన్ను తెరచి రెండవది మూసి చూతురుగాక. వ్రేలు వెనుకనున్న గోడపై అటునుండి ఇటునకు గంతువేయును. వ్రేలు కదలలేదు, చూచు చోటు కదలినది. కెమెరాను మామూలు ముక్కాలిపై బిగించి త్రిప్పునప్పుడు జరుగునదియు ఇదియే. కెమెరా అడుగున మరబిగించు రంధ్రము ఒకచోట నున్నది, కటకమున వెలుతురు ప్రవేశించు ద్వారము దానికి ముందు వేరొకచోట నున్నది. త్రిప్పునపుడు ఆ ద్వారము గానుగచుట్టు తిరుగు ఎద్దువలె ఇరుసు చుట్టును తిరుగును. తిరిగినకొలది చూచు చోటు మారును. దగ్గరి స్తంభము దూరపు స్తంభముమీద జరిగినట్లు కనబడును.

ఎంత జరుగునో లెక్క చెప్పినగాని ఇది కేవలము శాస్త్రచర్చ యనుకొందురు. ద్వారము ఇరుసునకు 10 సెంటీమీటర్ల ముందు ఉన్నదనుకొందము. కెమెరాను 30 డిగ్రీలు త్రిప్పినచో ద్వారము సుమారు 5 సెంటీమీటర్లు ప్రక్కకు పోవును. రెండు మీటర్ల దూరమున నున్న స్తంభము, 20 మీటర్ల దూరమున నున్న స్తంభముతో పోల్చగా, 28 మిల్లీమీటర్ల కటకముతో తీసిన చిత్రమున అరమిల్లీమీటరుకు పైగా తప్పును. పదిరెట్లు పెంచి ముద్రించినచో అది ఆరేడు మిల్లీమీటర్ల తప్పగును. తిరుమల నాయకుని చేతిలో వ్రేళ్ళు తెగిపోవుటకు అది చాలును. సముద్రమో, కొండలో, ఆనమలల వరుసయో తీయువానికి ఈ బాధ లేదు, అచట అన్నియు దూరమే. మండపముననే దగ్గరయు దూరమును ఒక్క చూపులో కలసియుండును. అందుచేతనే మన నాయకుల కట్టడములు చుట్టుచూపు తీయువారికి కఠినపరీక్ష.

దీనికి విరుగుడుగా ఏర్పడినదే చుట్టుచూపునకు ప్రత్యేకించిన ముక్కాలి తల. దానియందు మాయమంత్ర మేమియు లేదు. అడుగున డిగ్రీలు చెక్కిన గుండ్రని పలక తిరుగును. దానిపై అడ్డముగా నొక పట్టీ, ఆ పట్టీపై నిలువుగా మరియొక పట్టీ, కెమెరాను నిలువుగా పట్టుకొని ముందుకు వెనుకకు జారు మూడవ పట్టీ. వీటి పని యొక్కటే: కటకమునందలి వెలుతురు ద్వారమును సరిగా ఇరుసుపైకి తెచ్చుట. ప్రక్కల జరిపి కటకపు నడిమిభాగమును ఇరుసున కెదురుగా తేవలెను. తరువాత వెనుకకు జరిపి ద్వారమును ఇరుసుపై నిలుపవలెను. అప్పుడు కెమెరా ఎంత తిరిగినను చూచు చోటు కదలదు.

ఆ చోటును కనుగొనుటకు అంగడిలో కొన్న పరికరమేదియు అక్కరలేదు. సన్నని వెదురుకర్రను కెమెరాకు మూడడుగుల దూరమున నిలువుగా నిలిపి, అది దూరపు స్తంభపు అంచుతో ఒకటిగా కనబడునట్లు కెమెరాను సర్దుకొనవలెను. పిదప ఎడమకు త్రిప్పి చూడవలెను, కుడికి త్రిప్పి చూడవలెను. కర్రయు అంచును విడిపోయినచో జారుపట్టీని ముందుకో వెనుకకో జరుపవలెను. ఎటు త్రిప్పినను రెండును అంటిపెట్టుకొని యుండు చోటు దొరకినపుడు పట్టీపై గీత గీసికొనవలెను. ఒక కటకమునకు ఒక గీత. దూరము దగ్గర మార్చు జూమ్ కటకమైనచో ఏదో ఒక కొలతవద్ద దానిని నిలిపి, ఆ కొలతకే గీత గీయవలెను. ఈ పని ఇంటి వసారాలో నొక ఉదయము చేసికొన్నచో మండపమున తడవుకొను పని యుండదు.

ఎన్ని చిత్రములు తీయవలెనన్నది కటకమునుబట్టి యుండును. 35 మిల్లీమీటర్ల కెమెరాకు 28 మిల్లీమీటర్ల కటకమును తగిలించి నిలువుగా పట్టినచో ఒక్కొక్క చిత్రమున సుమారు 46 డిగ్రీల వెడల్పు వచ్చును. 30 డిగ్రీలకు ఒకటి చొప్పున తీసినచో పండ్రెండింటితో చుట్టు పూర్తియగును. ప్రతి చిత్రమును ప్రక్కదానిపై మూడవవంతు కప్పుకొని యుండును. ఆ కప్పుకొన్న భాగమే అతుకు వేయు కంప్యూటరునకు ఆధారము. మొదట రసమట్టముతో పలకను సమముగా నిలుపుట మరువరాదు. మేస్త్రీ గోడ కట్టునపుడు చూపు శ్రద్ధ ఇచటను కావలెను, లేనిచో మండపపు నేల అలలవలె లేచి పడును. వెలుతురు కొలతను కూడ ఒకసారి నిర్ణయించుకొని పండ్రెండు చిత్రములకును మార్చక యుంచవలెను. మహలులోని నడిమి ముంగిట ఎండ మండుచుండగా ప్రక్క వసారాలు చీకటిగా నుండును. కెమెరాను దాని యిష్టమునకు వదలినచో ఒక స్తంభము సగము తెలుపు, సగము నలుపుగా వచ్చును. ప్రతి దిక్కునను మూడేసి చిత్రములు, ఒకటి చీకటికి, ఒకటి ఎండకు, ఒకటి నడిమి వెలుతురునకు తీసికొనుట నేడు అలవాటైన ఉపాయము.

చేతిలోని ఫోనును అటునుండి ఇటునకు త్రిప్పిన చాలదా యని యువకులు ప్రశ్నింతురు. పండుగనాటి వినోదమునకు చాలును. చేయి చాచి ఫోనును త్రిప్పునపుడు అది భుజము చుట్టును పెద్ద వలయముగా తిరుగును. మేము పైన చెప్పిన పది సెంటీమీటర్లు అచట అరమీటరును మించును. కంప్యూటరు అతుకులను కప్పిపుచ్చగలదు గాని, చూచు చోటు మారినపుడు వెనుకనుండి క్రొత్తగా బయటపడిన రాతిని, ముందు దాగిపోయిన రాతిని ఒకటి చేయలేదు. అది ఊహించి పూరించును. సొగసు వేరు, సాక్ష్యము వేరు అని డేనియళ్ళ విషయమున మేమన్నమాట ఇచటను వర్తించును.

ఇట్టి తలను దిగుమతిచేసికొనవలసినదేనా యని అడుగువారు కోయంబత్తూరు వైపు చూతురుగాక. ఆ సీమలోని తెలుగు గ్రామములనుండి బయలుదేరినవారు ప్రత్తిమిల్లులను, పోతపోయు కార్ఖానాలను, మోటారు పంపుల తయారీని నెలకొల్పిరి. 1926లో పి. ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు స్థాపించిన ధర్మసంస్థ నీడలో పనిముట్లు చేయు విద్య నేర్చినవా రెందరో. కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు ఈ విషయమున ప్రత్యేకముగా స్మరింపదగినవారు. 1920లో పొల్లాచి, పళని నడుమ ఒక బస్సుతో మొదలుపెట్టిన ఆయన పేరు మోటారులకును, క్షౌరపు కత్తులకును ముడిపడియున్నది గాని, కెమెరాపై ఆయనకున్న మక్కువ పలువురకు తెలియదు. 1936లో అయిదవ జార్జి అంత్యయాత్రను ఆయన లండనులో స్వయముగా చలనచిత్రముగా తీసెను. సినిమా కెమెరాకు దూరమును సరిచేయు పరికరమును ఆయన కల్పించిన వస్తువులలో నొకటి. 1974లో ఆయన గతించెను. కోయంబత్తూరు చలనచిత్రశాలలలోను మనవారి చేయి గలదు. శ్రీరాములు నాయుడుగారి పక్షిరాజా స్టూడియోనుండి 1954లో అగ్గిరాముడు వెలువడినది. బరువైన కెమెరాను ముక్కాలిపై కుదుపులేక అడ్డముగా త్రిప్పుట ఏ స్టూడియోలోనైనను కెమెరా పనివారు నేర్వవలసిన విద్య.

అట్టి ఊరిలో రెండు అల్యూమినియము పట్టీలు, ఒక కంచు బుషు, డిగ్రీలు చెక్కిన పలక తయారుచేయుట ఒక చిన్న లేతుయంత్రపు పని. కెమెరా అడుగు మర పావు అంగుళము, అంగుళమునకు 20 చుట్లు. పెద్ద ముక్కాళ్ళ మర మూడెనిమిదవ వంతు అంగుళము, అంగుళమునకు 16 చుట్లు. ఈ రెండు కొలతలు తెలిసినచో మిగిలినది పనివాని నేర్పు. బిగించిన పిదప ఊగకుండుటయే దాని గొప్పతనము, మెరుగుపూత కాదు.

కోయంబత్తూరు చుట్టుప్రక్కల పల్లెలలో మండపములు లేవుగదా, ఈ తలతో ఏమి తీయుదుమందురా? ఇండ్లు తీయవలెను. నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి, నాలుగు వైపుల కొయ్యస్తంభముల వసారా, గోదావరి సీమవారు మండువా లోగిలి యనునది, ఇచట తొట్టికట్టు. స్తంభము రెండు మీటర్లలో నుండును, ఎదుటి వసారా ఎనిమిది మీటర్లలో నుండును. మండపమునకు చెప్పిన సూత్రమే ఇచటను వర్తించును. అన్నదమ్ముల పంపకమునాడు మొదట గోడ లేచునది ఈ ముంగిటనే. గోడ లేచిన పిదప ఆ ఇంటిని ఎట్టి కటకమును ఒక్కటిగా చూపజాలదు. గుడి శాసనమునకు ప్రభుత్వశాఖ యొకటి యున్నది. తొట్టికట్టు ఇంటికి ఇంటివారు తప్ప దిక్కు లేదు. మా అభిప్రాయమున సంఘము వారు మొదట చేపట్టవలసినది ఈ ఇండ్లనే. మహలు నిలిచియుండును, పంపకమునకు వచ్చిన యిల్లు మరుసటి సంక్రాంతికి ఉండకపోవచ్చును.

కుటుంబసమూహముల చిత్రములకును ఈ విద్యలో చోటున్నది. 1904లో అమెరికాలో పేటెంటు పొందిన సర్కట్ అను కెమెరా పండ్లచక్రముగల ముక్కాలి తలపై తానే తిరుగుచు, లోపలి ఫిల్ము సన్నని చీలిక వెనుక అదే వేగమున జరుగుచుండ చిత్రము తీసెడిది. వందలకొలది జనమును ఒకే పొడుగుపటమున తీయుటకు దానిని వాడిరి. అందు కొంటెపిల్లవాడొకడు మొదటి కొసన నిలిచి, కెమెరా తిరుగునంతలో వెనుకనుండి పరుగెత్తి రెండవ కొసకు చేరి, ఒకే పటమున రెండుమార్లు కనబడుట ప్రసిద్ధమైన అల్లరి. ఆ కెమెరాకు ఎదురుగా జనమును తిన్నని వరుసలో నిలిపినచో పటములో వరుస విల్లువలె వంగును. విల్లువలె నిలిపినచో తిన్నగా వచ్చును. వార్షికోత్సవమున మన సంఘసభ్యులందరిని చుట్టుచూపుగా తీయదలచినవారు కుర్చీలను కెమెరా చుట్టు అర్ధచంద్రాకారముగా వేయించుట మరువరాదు.

మరల మధురకు వత్తము. 2018 ఫిబ్రవరి 2వ తేది రాత్రి మీనాక్షీ దేవాలయమునందలి వీరవసంతరాయ మండపమున అంగళ్ళకు నిప్పంటుకొని, పైకప్పును స్తంభములును పాడైపోయినవి. అది నాయకుల నాటి కట్టడము. దానిని పునరుద్ధరించుటకు క్రొత్త రాతిస్తంభములు కావలసివచ్చినవి. అట్టి వేళ శిల్పికి కావలసినది గోపురము ముందు నిలిచి తీయించుకొన్న కుటుంబచిత్రము కాదు. ఏ స్తంభమునకు ఏ స్తంభ మెదురు, రెంటినడుమ దూర మెంత, బోదెపై పద్మము ఏ ఎత్తున మొదలగును, ఇట్టివి. చూచు చోటు కదలక తీసిన చుట్టుచూపున ప్రతి స్తంభపు దిక్కును డిగ్రీలలో కొలుచుకొనవచ్చును. అట్టివి రెండు వేర్వేరు చోట్లనుండి తీసి, ఆ రెండు చోట్ల నడుమ దూరమును టేపుతో కొలిచి యుంచినచో, స్తంభముల నడిమి దూరములను గణితము చేతనే రాబట్టవచ్చును. భూమి కొలుచు సర్వేయరు చేయునదియు ఇదియే.

పుదుమండపముననే తరతరములుగా నుండిన దర్జీలు, పాత్రల అంగళ్ళవారు, పుస్తకముల అంగళ్ళవారు ఇటీవలి సంవత్సరములలో కున్నత్తూరు సత్రమునకు తరలింపబడిరి. మండపమునకు అది మేలే కావచ్చును. కాని స్తంభముల నడుమ కుట్టుయంత్రముల చప్పుడు వినుచు పెరిగినవారికి అదియు మధురయే. రాతిని మాత్రమే చూచిన ట్రైపునకు ఆ జనము కాగితమున కెక్కలేదు, ఆనాటి కాగితమునకు ఆ శక్తి లేదు. తరువాత పదేండ్లకు లయను, 1869లో శామ్యూల్ బోర్ను వంటి పేరుగాంచినవారును మధురకు వచ్చి తీసిరి. ఎవరు తీసినను ఎన్నో కొన్ని దినముల విడిది, పిదప బండి కట్టించుట. వారిది చుట్టపుచూపు. ఈ మాటను మేము నిందగా అనుట లేదు. ఆ చుట్టముల వలననే మనకు సాక్ష్యము మిగిలినది. 1858లోనే ట్రైపు మద్రాసులో నుండిన అమరావతి శిల్పములను చిత్రించెను. ఆ శిల్పములు మరుసటి యేడు ఓడ నెక్కి లండనుకు పోయినవి. కృష్ణాతీరపు ఆ పాలరాళ్ళు మన దేశమున నున్నప్పటి రూపమునకు ఆయన చిత్రములు గుర్తు. ఇంత చేసినవానికి ప్రభుత్వమువారిచ్చిన బహుమాన మేమనగా, 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ దొర ఈ పని ఖర్చుతో కూడిన విలాసమని తలచి ఆపించుట. 1860 నాటికి ఆ శాఖయే లేదు. ఇంగ్లండునకు మరలిన ట్రైపు 1902లో మరణించెను.

దేవాలయపు లోపల కెమెరాలకు, ఫోనులకు అనుమతి లేదు. ముక్కాలి నిలుపుట అంతకంటెను కష్టము. మహలు తమిళనాడు పురావస్తుశాఖవారి అధీనమున నున్నది. కావున ఒక్కొక్క కుటుంబము వేర్వేరుగా పోయి అడుగుటకంటె, సంఘము పేర వ్రాతమూలకముగా దేవస్థానమువారిని, పురావస్తుశాఖవారిని అడిగి, తీసిన చిత్రముల ప్రతులను వారికిని సమర్పింతుమని చెప్పినచో పని సులభమగునని మా నమ్మకము. ఉదయము తలుపులు తెరచిన వెంటనే, జనము రాకముందు, ఒక గంటలో ఒక చుట్టు పూర్తి చేయవచ్చును.

తీసిన ప్రతి చుట్టుచూపు వెంట ఒక కాగితము ఉండవలెను. తేది, గంట, కెమెరా నిలిపిన చోటు ఏ స్తంభమునకు ఎన్ని అడుగులు, నేలనుండి కటకపు ఎత్తు, మొదటి చిత్రము ఏ దిక్కును చూచుచున్నది, కటకపు కొలత, తీసినవారి పేరు వ్రాయవలెను. ఇల్లైనచో ఇంటిపేరు, ఊరిపేరు, కట్టించినవారి పేరు, ఆ మూలగది ఎవరిది, ఆ ఉయ్యాల ఎక్కడిది, ఇవికూడ పెద్దలు బ్రదికియుండగానే అడిగి వ్రాసికొనవలెను. మన పిల్లలలో తెలుగు మాటలాడువారు మెండుగాని, తెలుగు లిపి చదువగలవారు కొద్ది. కనుక ఆ కాగితమున ఒక ప్రక్క తెలుగులోను, రెండవ ప్రక్క అదే విషయమును తమిళములోను వ్రాసి, ఒక ప్రతిని ఇంటను, ఒక ప్రతిని సంఘపు బీరువాలోను ఉంచవలెను.